మందస మీద మొక్కు

చైత్ర బహుళ అమావాస్య... అందునా ఆదివారం! మిట్టమధ్యాహ్నం సరిగ్గా పన్నెండు గంటలు!

అర్ధరాత్రికి భయపడేవాళ్ళు లోకంలో కోకొల్లలు. మిట్టమధ్యాహ్నానికి భయపడాలని తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. నీడ కాళ్ళ కిందికి ముడుచుకుపోయే ఆ ఘడియలో మనిషికి తన నీడ కూడా తోడుండదు. భూతప్రేతపిశాచగణాలకు ఆ కాస్త సందు చాలు... అని పెద్దలు ఊరికే అనలేదు.

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ వీధులు ఆ వేళ నిర్మానుష్యంగా ఉన్నాయి. మామూలు రోజైతే వర్క్‌షాపు సైరను కూసేది, సైకిళ్ళ మీద మనుషులు భోజనాలకు వచ్చేవారు. ఆదివారం కాబట్టి అదీ లేదు. ఆకు కదలడం లేదు. కుక్క మొరగడం లేదు. వాయవ్యదిశలో మాత్రం కాటుకరంగు మేఘం ఒకటి నిశ్శబ్దంగా పైకి లేస్తోంది. బెంగాలీలు కాలబైశాఖీ అని పిలిచే ఆ ప్రచండవాతం సాయంత్రానికి రావలసింది. ఎవరో మంత్రం వేసి పిలిచినట్టు ఆ రోజు నాలుగు గంటల ముందే బయలుదేరింది!

వీధి మొత్తానికి ఒకే ఒక్క ఆడమనిషి నడుస్తోంది. పేరు నీలవేణి. యాభై రెండేళ్ళు. చంకలో వెదురుబుట్ట, బుట్టలో ఒక కోడి. ఆ కోడి మెడ పూర్తిగా మెలిదిరిగిపోయి, తల కిందికీ ముక్కు ఆకాశానికీ తిరిగి ఉంది. దాని కన్ను మాత్రం నీలవేణినే చూస్తోంది.

ఆమె వెళ్తున్నది వీధి చివర, వాడకం లేని పట్టాలకు అవతల ఉన్న ఒంటరి క్వార్టరుకు. రైల్వేవాళ్ళు దాని గోడ మీద ‘అబాండన్డ్’ అని ఎర్రరంగుతో రాసి వదిలేసి ఇరవై ఏళ్ళయింది. అందులో మోహనకృష్ణ ఉంటున్నాడు. ఒకప్పుడు గూడ్సుబళ్ళ గార్డు. ఏ పాపం చేశాడో గాని ఉద్యోగం ఊడింది. ఆ తర్వాత కామాఖ్య వైపు ఎక్కడికో పోయి, పదేళ్ళకు జడలు కట్టిన జుట్టుతో, ఎర్రబట్టతో, రెప్పవేయని కళ్ళతో తిరిగివచ్చాడు. పిల్లలు ఆ దారిన పోరు. పెద్దలు పోయినా అటు చూడరు.

మరి నీలవేణికి ఏం పోయేకాలం వచ్చిందని అటు నడుస్తోంది? చెబుతాను. పది రోజులు వెనక్కి వెళ్దాం.

నీలవేణి భర్త హరిబాబు వర్క్‌షాపులో ఫిట్టరు. ఆరేళ్ళ కిందట గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. ఆయన ఉద్యోగం బదులు ఆమెకు హెల్పరు ఉద్యోగం ఇచ్చారు, దాంతోపాటు క్వార్టరూ నిలిచింది. కాని క్వార్టరు నిలిస్తే సరిపోయిందా? అందులో మాట్లాడే మనిషేడీ? అందుకే ఆమె పెరట్లో కోళ్ళతో మాట్లాడేది. వాటికి పేర్లు పెట్టింది హరిబాబే. ఖరగ్‌పూర్ నుంచి వాళ్ళ ఊరికి పోయే దారిలో స్టేషన్ల పేర్లు... జలేశ్వర్, బాలాసోర్, భద్రక్, కటక్, ఖుర్దా, బరంపురం, ఇచ్ఛాపురం, సోంపేట, మందస. తొమ్మిది పెట్టలు. పుంజు పేరు మెయిలు. తెల్లారేసరికి గూటి తలుపు తీసి, “బరంపురం, నువ్వాగు. ముందు కటక్‌ని దిగనీ” అంటూ ఆమె మాట్లాడుతుంటే, గోడ అవతలి సుజాతమ్మ పళ్ళు తోముకుంటూ నవ్వేది.

పది రోజుల కిందట, సందెచీకటి వేళ, గేటుకు ఎవరో ఒక కోడిని కట్టి పోయారు. కాలికి ఎర్రదారం. ఈకలు నిక్కబొడుచుకుని, కళ్ళు అరమోడ్చి గజగజ వణుకుతోంది. నీలవేణి దాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

“ఎవుల్దో కొత్తకోడిని మందలో ఒగ్గకే అమ్మీ,” అంది సుజాతమ్మ గోడ మీంచి. “పది రోజులు గంప కింద వేరేగా మూసుంచు. తెగులుంటే బయటపడతాది.”

“ఒక్కదాన్నీ గంప కింద ఎలగుంచుతాను అప్పా? రేత్రంతా అరుస్తాది.”

“అరిస్తే అరవనీ. కోడే కదేటి.”

నీలవేణి ఉంచలేకపోయింది. ఒంటరిగా మూసి ఉంచడమంటే ఏమిటో ఆమెకు తెలిసినంతగా ఆ వీధిలో ఎవరికీ తెలియదు. తీసుకుపోయి మందలో కలిపింది. పదకొండు కోళ్ళూ ఒకే గూట్లో, ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకున్నాయి. ఆమె చేసిన తప్పు అదొక్కటే. జాలి పడింది, అంతే.

రెండో రోజున ఆ అనామక కోడి చచ్చింది. నాలుగో రోజున జలేశ్వర్ మేత మానేసింది. పచ్చటి రెట్ట వేసింది. గొంతులో గురగుర... రెక్కలు నేలకు వాలిపోయాయి. సాయంత్రానికి కాళ్ళు చాపింది. మర్నాడు తెల్లారేసరికి బాలాసోర్! మధ్యాహ్నానికి భద్రక్! ఆ పైన కటక్, ఖుర్దా... వరుస తప్పలేదు! కనబడని రైలేదో ఒక్కొక్క స్టేషనులో ఆగి, ప్రాణం ఎక్కించుకుని, ముందుకు సాగుతున్నట్టు మృత్యువు ఆ పెరట్లో ప్రయాణం చేసింది!

పశువుల ఆసుపత్రి కాంపౌండరు దాదా రెట్ట చూసి పెదవి విరిచాడు. “రానీఖేత్, దీదీ. మీవాళ్ళు కొక్కెర తెగులంటారే, అదే. టీకా చుక్కలు వేశారా?”

నీలవేణి తల వంచుకుంది. హరిబాబు ఉన్నప్పుడు ఏటేటా వేసేవాళ్ళు. ఒకరు కోడిని పట్టుకోవాలి, ఒకరు కన్ను విప్పి చుక్క వేయాలి. ఒక్క మనిషికి రెండు చేతులు చాలవు. మొదటి ఏడాది ప్రయత్నించి, మందంతా చీర మీద ఒలికించుకుని, ఆ తర్వాత మానేసింది. ఆ సంగతి దాదాకి చెప్పలేదు.

“వచ్చాక మందు లేదు,” అన్నాడు దాదా. “బతికినదాన్ని వేరుగా పెట్టండి. చచ్చినవాటిని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. తెగులు దాటి బతికినా కొన్నిటికి మెడ తిరిగిపోతుంది, అది మళ్ళీ తిన్నగా కాదు.”

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. నీలవేణి పెరట్లో గొయ్యి తీసింది. బరంపురాన్ని పూడ్చింది. ఇచ్ఛాపురాన్ని పూడ్చింది. మెయిలు ఆఖరిసారి కూయబోయి, కూత సగంలో ఆగి, అలాగే ఒరిగిపోయాడు. తెల్లారుజామున సోంపేట కూడా ఆమె ఒళ్ళోనే పోయింది. అప్పుడు ఆమె మట్టిచేతులతోనే అమ్మోరి పటం ముందు కూలబడింది.

ఆ అమ్మోరి కథ ఓల్డ్ సెటిల్‌మెంట్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. తాతముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే కూలీకి వచ్చినప్పుడు, ఊరి గద్దె మీది రాయినొకదాన్ని వేపమండల్లో చుట్టి, రేకుపెట్టెలో పెట్టి, రైల్లో తెచ్చుకున్నారు. రాయి ఇక్కడే పాతుకుంది. మశూచి వచ్చినా, కలరా వచ్చినా, కోళ్ళకు తెగులొచ్చినా ఆమెకే మొక్కుతారు. మొక్కే పద్ధతి ఒకటుంది. “మందను కాపాడు తల్లీ, ఒక కోడినిస్తాను” అనాలి. తల్లికి ఒకటి, మిగిలినవి మనకు.

దుఃఖంలో నీలవేణి తలకిందులుగా మొక్కింది. “ఒక్కదాన్ని మిగిల్చు తల్లీ. ఆ మిగిలింది నీదే.”

ఇలాంటి మొక్కు ఎవరైనా మొక్కుతారా? మిగిలిందంతా ఇచ్చేశాక ఆమెకు మిగిలేదేమిటి? అన్న మాట అన్నాక ఇక వెనక్కి తీసుకోవడం లేదు. ఆచారం ప్రకారం మందస కాలిగోటి చివర కత్తిరించి, పసుపు అద్దింది. ఇక ఆ కోడి నీలవేణిది కాదు, అమ్మోరిది.

మందస చావలేదు. కాని మూడో రోజుకు దాని మెడ మెలిదిరగడం మొదలైంది. గింజ మీద పొడవబోతే ముక్కు పక్కకు పోయేది. నీలవేణి నూకలు నానబెట్టి ఒక్కొక్క మెతుకూ నోట్లో పెట్టేది. ఇది కూడా పోతే మొక్కు మీద మన్ను పడుతుంది, ఇంట్లో ఊపిరి పీల్చే రెండో ప్రాణమే ఉండదు... ఆ భయం ఆమెను రాత్రింబవళ్ళు తినేసింది.

సరిగ్గా అప్పుడు, శనివారం పొద్దుగూకే వేళ, మోహనకృష్ణ గేటు దగ్గర నిలబడ్డాడు.

“జలేశ్వర్, బాలాసోర్, భద్రక్, కటక్...” ప్లాట్‌ఫారం మీద అనౌన్సుమెంటులా ఒక్కొక్క పేరే తాపీగా చదివాడు. “అన్నీ పోయాయి. మందస ఒక్కటే మిగిలింది. అవునా?”

నీలవేణి గేటు దాకా వచ్చింది. “నీకెలగ తెలుసు బాబూ?”

“నాకు తెలియనిదేమిటి? రేపు అమావాస్య. మధ్యాహ్నం ఆ కోడిని నా దగ్గరికి తీసుకురా. దాని తెగులును కపాలంలోకి లాగేస్తాను. ఇంకొకటి కూడా చేస్తాను.” అతడు గొంతు తగ్గించాడు. “నీ ఇంట్లో మనుషుల సందడి పుట్టిస్తాను. ఇక జన్మలో నువ్వు ఒంటిదానివి కావు.”

మునిగేవాడికి గడ్డిపోచే పడవ. తాను విన్నది మొదటిమాటేనని, కోడి కోసమేనని నీలవేణి తనకు తాను చెప్పుకుంది. నిజానికి ఆమెను కట్టి లాగింది రెండోమాటే. అబద్ధమాడి లాభమేమిటి?

అలా ఆ అమావాస్య మధ్యాహ్నం ఆమె ఆ గడప తొక్కింది...

లోపల చీకటి! పట్టపగలే కన్ను పొడుచుకున్నా కానరాని కారుచీకటి! గాలిలో కుళ్ళిన నెత్తురువాసన, మాడిన ఈకలకంపు. కళ్ళు చీకటికి అలవాటుపడ్డాక చూస్తే, పెంకుల సందుల్లో గుడ్లగూబలు రెండు ఆమెను చూసి మెడలు తిప్పాయి. నేలమీద బొగ్గుపొడితో, సున్నంతో గీసిన భయానకమైన మండలం... దాని నడిమధ్యన ఒక నరకపాలం! కంటిగుంతల్లో రెండు వత్తులు మండుతున్నాయి. పక్కన పాత గార్డు లాంతరు, దానికి ఎర్ర అద్దం తిప్పి ఉంది. ఆ రక్తవర్ణకాంతిలో మోహనకృష్ణ పద్మాసనం వేసుకుని, విభూతి పూసుకున్న ప్రేతంలా కూర్చున్నాడు.

“ఓం హ్రీం క్రోం... శ్మశానవాసినీ... ఆకర్షయ ఆకర్షయ... హుం ఫట్!”

అతడి గొంతు నేలలోంచి వచ్చినట్టుంది. వెలుపల మేఘం పగిలింది. ఫెళఫెళమని ఉరుము! తలుపు దానంతటదే ధడాలున మూసుకుంది.

అప్పుడు నీలవేణి చూపు మండలం చుట్టూ పేర్చిన ఈకల మీద పడింది. అవి బరంపురానివి. ఆ చుక్కల ఈకలు ఆమెకు తెలియకపోతే ఎవరికి తెలుస్తాయి? సున్నం వేసి, మూడడుగుల లోతున పూడ్చిన కోడి! కపాలం చుట్టూ కట్టిన దారం ఎర్రటిది. ఆ రోజు గేటు దగ్గర కోడికాలికి ఉన్నదీ అలాంటిదే.

“ఆ రోగిష్టి కోడిని నా గేటుకి కట్టింది నువ్వేనా బాబూ?”

“నేనే.” దాపరికం లేకుండా చెప్పాడు. “గంప కింద మూసిపెడతావేమోనని కాస్త అనుమానించాను. నువ్వు మూయలేవని తెలిసింది. అలాంటి మనిషే నాకు కావాలి.”

“ఎందుకు సేసినావిది? నానేటి సేసినాను నీకు?”

“ఇల్లు ఖాళీ కావాలి నీలవేణీ. ఖాళీ ఇంట్లోకే కదా ఎవరైనా వచ్చి చేరేది.” అతడు కపాలం నెత్తిమీద నిమిరాడు. “వీళ్ళు నలభై మంది. పట్టాల మీద పోయినవాళ్ళు. పేరు తెలియదు, ఊరు తెలియదు, ఎవరూ వచ్చి అడగలేదు. పదిహేనేళ్ళుగా ఒక్కొక్కరినీ పట్టి ఇందులో బంధించాను. వాళ్ళకు నిలవడానికి ఒళ్ళు లేదు. నీకు తోడు లేదు. నీ ఒంట్లో వాళ్ళుంటారు, నా చేతిలో నువ్వుంటావు. ఎవరిని చంపమంటే వాళ్ళను చంపుతావు. నలభై ప్రేతాలున్న ఆడదానికి ఈ ఊళ్ళో ఎదురెవరు?”

నీలవేణి తలుపు వైపు పరుగెత్తింది. తలుపు కదలలేదు. కాళ్ళ కింద బొగ్గుగీతలు పాముల్లా మెదిలి, ఆమెను మండలం అంచుకు లాగి పడేశాయి!

“మూడుసార్లు నీ నోటితో చెప్పు. నాకెవరూ లేరు అని. మూడోసారికి ఆ కోడిని నీ చేత్తో నువ్వే కపాలానికి అర్పించు. నేను లాక్కుంటే చెల్లదు. ఇచ్చేది నువ్వే కావాలి.”

అబద్ధం చెప్పమంటే ఆమె పెదవులు బిగించేదేమో. అతడు చెప్పమన్నది నిజం. ఆరేళ్ళుగా ఎవరితోనూ అనలేక గుండెలో మోస్తున్న నిజం. కళ్ళల్లో నీళ్ళు జలజలా రాలాయి.

“నాకెవులూ నేరు...”

వత్తులు నీలంగా మారాయి. ఎముకలు కొరికే చలి ఆమె వెన్నులోకి పాకింది.

“నాకెవులూ నేరు...”

అంతే! జుట్టుముడి తెగి, కురులు నలుగడలా చెలరేగాయి! కళ్ళు తేలిపోయాయి! ఒళ్ళు విల్లులా వెనక్కి వంగింది! ఆమె నోటిలోంచి ఆమెది కాని గొంతులు... ఒకదాని మీద ఒకటి... ఒక ముసలిది బెంగాలీలో నీళ్ళడిగింది. ఒక మొగవాడు ఒడియాలో ఇంటికి తీసుకుపొమ్మని ఏడ్చాడు. ఒక ఆడపిల్ల ఏ భాషా కాని భాషలో అమ్మను పిలిచింది. నలభై ఆక్రందనలు, నలభై ఆకళ్ళు ఆ ఒక్క శరీరంలోకి తొక్కుకుంటూ దూసుకువచ్చాయి!

ఘోరం ఏమిటంటే... ఆ నరకంలో నీలవేణికి ఒక క్షణం హాయిగా అనిపించింది! లోపల జనం. కిక్కిరిసిన జనం. ఆరేళ్ళ తర్వాత మొదటిసారి ఆమె ఒంటరిగా లేదు. ఒక్క మాట, ఒక్క కోడి... అంతే! ఇక జన్మంతా ఇలాగే ఉండవచ్చు.

“మూడోసారి!” మోహనకృష్ణ గర్జించాడు. “చెప్పు! ఇవ్వు!”

ఆమె చేతులు బుట్టలోకి పోయాయి. మందసను ఎత్తాయి. వెచ్చటి రెక్కల కింద చిన్న గుండె టకటక కొట్టుకుంటోంది. ఆమె బొటనవేలికి కత్తిరించిన గోటిచివర గరుగ్గా తగిలింది. నీలవేణి ఆ నలభై గొంతుల అడుగునుంచి తన గొంతును వెతికి పట్టుకుని, బావిలోంచి చేదను లాగినట్టు పైకి లాగింది.

“నాకెవులూ నేరు. నిజిమే బాబూ,” అంది రొప్పుతూ. “ఇదీ నాది కాదు. అమ్మోరికి మొక్కీసినాను. ఇచ్చీడానికి నానెవుల్ని?”

మోహనకృష్ణ విరగబడి నవ్వాడు. “అమ్మోరా? రేకుపెట్టెలో వచ్చిన రాయికి మొక్కావా? మొక్కుకోడిని మార్చుకోవడం మీవాళ్ళకు కొత్తా? బజారులో ఇంకొకటి కొని పడెయ్. ఏం చేస్తుందది? ఊరుకాని ఊళ్ళో, పలకరించే దిక్కులేని దేవత. నీలాగే!”

“అన్న మాట అన్నాను. ఇవ్వను.”

“ఇవ్వకపోతే వీళ్ళు నిన్ను లోపల్నుంచి నమిలి ఉమ్మేస్తారు. రేపు పట్టాల పక్కన నలభై ఒకటో పేరులేని శవానివి నువ్వే!”

“కానీ. అమ్మోరి కోడిని మాత్రం ఇవ్వను.”

అతడి సహనం నశించింది. తాను చెప్పిన నియమాన్ని తానే మరిచాడు. కత్తి దూసి, మండలం దాటి, ఒక్క ఉదుటున మందస మెడ పట్టుకున్నాడు!

పిడుగు పడింది. ఇంటి మీద కాదు, ఇంట్లోనే పడినట్టు లోపలంతా తెల్లటి వెలుగు! ఆ వెలుగు ఆరాక కుళ్ళువాసన లేదు. పచ్చిపసుపు వాసన, వేపమండల వాసన, చద్దన్నంలో పిసికిన ఉల్లిపాయ వాసన... గుడ్లగూబలు కీచుమంటూ పెంకులు బద్దలుకొట్టుకుని ఎగిరిపోయాయి. నీలవేణి నిటారుగా లేచి నిలబడింది. కాదు, లేచి నిలబడింది నీలవేణి కాదు! ఆ కళ్ళు చింతనిప్పులు. ఆ గొంతు తాపీగా, సందు చివర కుళాయి దగ్గర గొడవకొచ్చిన పెద్దమ్మ గొంతులా ఉంది.

“నా కోడి మీద సెయ్యేసినావేటిరా?”

మోహనకృష్ణ వెనక్కి తూలాడు. పెదవులు మంత్రం కోసం వెతుక్కున్నాయి. “ఓం హ్రీం... స్తంభయ... స్తంభ...”

“ఒగ్గీయ్ ఆ సదువు. నాకు రాదు.” ఆమె ఒక అడుగు వేసింది. నేల మీది మండలం చీపురుతో ఊడ్చినట్టు చెదిరిపోయింది. “దిక్కులేనిదాన్నన్నావు. ఈ ఊళ్ళో తొలి పట్టా ఏసినోడు తన గంజిలో నాకు ముద్ద తీసి పెట్టినాడు. పురుడొచ్చినా నన్నే పిలిసినారు, పీనుగు లేసినా నన్నే పిలిసినారు. ఈదిలో ఏ తలుపు ఎలగ కిర్రుమంటాదో నాకెరిక. ఆ తెగులెవుల్దనుకున్నావు? మశూచి నాది. కలరా నాది. కొక్కెర నాది. నా సొత్తు దొంగిలించి, నా బిడ్డ గేటుకే కట్టినావు. మరి తెగులంటే ఏటో నువ్వూ సూడాల కదా.”

మోహనకృష్ణ అరవడానికి నోరు తెరిచాడు. గొంతులో గురగుర... అంతకు మించి రాలేదు! ముక్కులోంచి, నోట్లోంచి జిగట కారింది. రెండు చేతులూ పక్కలకు వాలి నేలను రాసుకున్నాయి. ఆ పిమ్మట మెడ... నెమ్మదిగా, టక్కుటక్కుమని ఒక్కొక్క ఎముకే తిరుగుతూ... భుజం దాటి, వీపు దాటి... ముఖం పైకప్పుకూ, నడినెత్తి నేలకూ తిరిగింది! తనను తాను చూసుకోలేక, ఎటు పోవాలో తెలియక, కాళ్ళు ఈడ్చుకుంటూ గిర్రుగిర్రున సుడి తిరిగాడు! చెరపకురా చెడేవు అన్నారు. వాడు ఎన్ని శాస్త్రాలో చదివాడు గాని ఆ చిన్నముక్క చదవలేదు.

ఆమె వంగి కపాలాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. “పొండి నాయనా. మీ మీ ఊళ్ళకు పొండి. నాను సూసినాను మిమ్మల్ని. ఎవులూ అడగనేదని ఏడవకండి, నానడిగినాను.” కపాలం నడిమికి విచ్చిపోయింది. నలభై నిట్టూర్పులు నీలవేణి ఒంట్లోంచి లేచి, పెంకుల సందుల్లోంచి వానలోకి కలిసిపోయాయి. ఆ నిట్టూర్పుల తాకిడికో, గాలివాన తాకిడికో... దూలం ఫెళ్ళున విరిగింది. ఎర్రలాంతరు ఆరింది. ఇటుకల కింద సుడి తిరుగుతున్న కాళ్ళ చప్పుడు కాసేపు వినిపించి, ఆగిపోయింది.

నీలవేణికి తెలివి వచ్చేసరికి వాన తగ్గుముఖం పట్టింది. బయట తడిగడ్డిలో పడి ఉంది. పైటకొంగులో మందస. లోపల వెతికి చూసుకుంది. ఎవరూ లేరు. నలభై మందీ వెళ్ళిపోయారు, వచ్చినామె కూడా వెళ్ళిపోయింది. అంత గొప్ప గండం గడిచాక కూడా ఆమెకు ముందు ఏడుపు వచ్చింది ఆ ఖాళీని చూసుకునే.

పాత కప్పు కాలబైశాఖీకి కూలిందని పోలీసులు రాసుకున్నారు. శవం మెడ అలా ఎందుకుందని ఎవరో అడిగితే, దూలం దెబ్బ అన్నారు. దూలాలకు నోరు లేదు కాబట్టి సరిపోయింది.

నెల తిరిగింది. మందస తేరుకుంది. గొంతులో గురక పోయింది, రెక్కలు లేచాయి. మెడ మాత్రం తిన్నగా కాలేదు. అమ్మోరి పండుగ మంగళవారం వచ్చింది. నీలవేణి పొద్దున్నే తలస్నానం చేసి, మందసకు పసుపునీళ్ళు చల్లి, బుట్టలో పెట్టుకుని గద్దె దగ్గరికి నడిచింది. “నానొస్తానే తోడు,” అంది సుజాతమ్మ. “వద్దప్పా. నీ మోకాళ్ళు,” అంది నీలవేణి. నిజానికి తిరిగి వచ్చేటప్పుడు ఖాళీబుట్టతో నడిచే తనను ఎవరూ చూడకూడదని ఆమె కోరిక. దారంతా కోడితో మాట్లాడుతూనే ఉంది. ఏం మాట్లాడిందో ఇక్కడ రాయను. అది వాళ్ళిద్దరికీ సంబంధించిన విషయం.

గద్దె దగ్గర పూజ చేసేది పోలమ్మ. ఎనభై దాటిన మనిషి, చూపు తగ్గినా వేళ్ళకు అన్నీ తెలుస్తాయి. మొక్కుకోళ్ళను ఒక్కొక్కటీ పట్టి చూస్తోంది. తురాయి చూసింది, రెక్క విప్పింది, కాలిగోరు తడిమింది. మందస మెడ దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

“ఏటిది?”

“తెగులొచ్చి బతికింది పోలమ్మప్పా. మొక్కిందిదే.”

“అవిటికోడి అమ్మోరికి పనికిరాదే. కాలు కుంటిదీ, కన్ను నేనిదీ, మెడ వంకరదీ కొయ్యకూడదు. తెలీదేటి నీకు?”

నీలవేణి ముఖం పాలిపోయింది. “అమ్మోరికి కూడా అక్కర్నేదా?” “మరి నా మాటేటి అవుతాది? ఇది నాది కాదు. నా నోటితో నానే ఇచ్చీసినాను. ఇప్పుడు దీన్ని నానేటి సెయ్యను?”

పోలమ్మ కోడిని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వంకరమెడ నిమురుతూ కూర్చుంది. వెనక డప్పు మోగుతోంది.

“అక్కర్నేదని ఎవులన్నారు?” అంది చివరికి. “కొయ్యకూడదన్నాను. అమ్మోరిది కాదన్లేదు. అమ్మోరిదే. నీ దగ్గర పాలుకి ఉంటాది.”

పాలు అంటే ఆ వైపు వాళ్ళకు తెలుసు. కోడి ఒకరిది, మేపేది ఇంకొకరు. పిల్లలు దిగితే సగం వాళ్ళకు, సగం వీళ్ళకు. అన్నదమ్ములు కాకపోయినా, ఒకే కోడి మీద రెండిళ్ళవాళ్ళు కలిసి బతకడం.

“అమ్మోరితోటా పాలు?” అంది నీలవేణి నమ్మలేక.

“మరేటి. సుట్టంతోటి పాలు పెట్టుకోరేటి?” పోలమ్మ కోడిని తిరిగి బుట్టలో కూర్చోబెట్టింది. “నోట్లో పెట్టి మేపు. పిల్లలు దిగితే నాకు సెప్పు. ఇంకోటి. పాలుకిచ్చినోళ్ళు ఊరుకోరు. కోడెలగుందో సూసుకోడానికి ఇంటికొస్తారు. ఎప్పుడొస్తారో సెప్పరు. ఇల్లు బాగుంచుకో.”

నీలవేణి ఇంటికి వచ్చి బుట్ట దించింది. గది ఊడ్చింది. ఆరేళ్ళుగా ఒక్క కంచమే కడుగుతున్న చేతులతో రెండో కంచం బయటికి తీసి, బూడిదతో తోమి, ఎండలో ఆరబెట్టింది. పొద్దు వాలాక గడపకు పసుపు రాసి, వాకిట్లో పీట వాల్చి, దానికి ఎదురుగా మందసను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నానిన నూకలు ఒక్కొక్క మెతుకే దాని నోట్లో పెడుతూ, వీధి వైపు చూస్తూ ఉంది.